కిందికి జరుపు

ఉప్పుగూడ నుంచి ఆటోలో
కుట్టుమిషను తలకాయని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని
సుల్తాన్ బజార్ దాకా వెళ్లిందట తస్లీమా.
అక్కడ మా షాపు లేదు.
ఎనిమిదడుగులు రోడ్డు తిన్నాక
మిగిలిన ముక్కలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.
వాళ్లే నవ్వి ఇటు దారి చెప్పారట.
కాచిగూడ వెనక గల్లీలో నా ముందు మిషను దించి
చెమటైనా తుడుచుకోకుండా
ఫోన్ తీసి మొహం మీద పెట్టింది:
"చూడమ్మా, మీరే రాసుకున్నరు కదా."

మేమే రాసుకున్నాం.
ఫర్హాన్ డిగ్రీ రెండో ఏడులో
రెండు వేలూ ఒక బిర్యానీ పొట్లమూ తీసుకుని చేసిన సైటు.
అందులో సర్వీసింగ్ ఇంకా నూట యాభై.
అందులో ల్యాండ్‌లైన్ ఉంది, ఎత్తేవాళ్లు లేని చోట.
గుమ్మం ముందు కానుగ నీడ
ఎవరూ కొట్టెయ్యనట్టే పడుతూ ఉంటుంది.
పైన ఎర్రగా "కొత్తది" అని మినుకుతుంటుంది
కంపెనీ ఎప్పుడో చేయడం మానేసిన మోడల్.

ప్రతి దసరాకీ బోర్డు కడుగుతాం.
మిషన్లకి, స్క్రూడ్రైవర్లకి, నూనె డబ్బాకి,
ఆఖరికి లెక్కల పుస్తకానికి కూడా కుంకుమ పెడతాం.
దీనికి ఎవరూ పెట్టలేదు.
దుమ్ము పట్టనిదాన్ని తుడవాలని ఎవరికి తోస్తుంది?
బోర్డు వెలిస్తే ఎదురు కొట్టువాళ్లైనా చెప్తారు.
ఇది వెలవదు.
మొదటిరోజు నిజాన్నే
మెరుస్తూ చెప్పుకుంటూ కూర్చుంటుంది.

తస్లీమా దగ్గర నూట యాభయ్యే తీసుకున్నాను.
ఆటో డబ్బులు ఆమె అడగలేదు.
ఇవ్వాలని నాకూ
ఆమె మలుపు తిరిగాకే తట్టింది.

ఇంకొకటి.
మిషను దించగానే ఆమె నన్ను దాటి
నా వెనక పరదా వైపు చూసింది.
"మేస్త్రి లేడా?"
అందరూ అట్లాగే చూస్తారు.
సైటు తెరవగానే జంగయ్య కదా,
చెవి మీద పెన్సిలు, చేతిలో నూనె డబ్బా,
కింద "ముప్పై ఏళ్ల అనుభవం".
ఆయన పోయాక ఇవి మూడో బోనాలు.
బిల్లులు రాయడానికి వచ్చిన నాకు
షటిల్ చప్పుడు విని రోగం చెప్పడం నేర్పింది ఆయనే.
"చేత్తోని కాదు బిడ్డా, ముందుగాల చెవితోని ఇప్పు" అనేటోడు.
మూడేళ్లుగా ఇప్పుతున్నదీ బిగిస్తున్నదీ నేను.
ఆ సైటులో నేనెక్కడా లేను,
కనీసం బిల్లులు రాసే మనిషిగానైనా.

సాయంత్రం ఫర్హాన్ వచ్చాడు, మెడలో ఐడీ కార్డుతో.
"ఎప్పుడు మార్చాలో ఎట్లా తెలుస్తది?" అంటే
తమ ఆఫీసులో ఆర్నెల్లకోసారి అన్నాడు.
నాకైతే ఆ కబురు
ఆటోలో వచ్చింది.

చిరునామా మారింది. నంబరు మారింది.
నూట యాభై మూడు వందల యాభై అవుతుంటే
ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టు అనిపించింది.
జంగయ్య దగ్గర వాడి వేలు ఆగింది.
"తీసెయ్యనా అక్కా?"
ఉల్లిగడ్డల బండి మైకు
గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకి అరుచుకుంటూ పోయింది.
"తియ్యకు. కిందికి జరుపు."

పైన ఖాళీలో నన్ను పెడతానన్నాడు.
చీర మార్చుకొస్తానన్నాను. మళ్లీ వద్దన్నాను.
మోచేతుల దాకా నూనెతో
మిషను నడుస్తుండగానే తీశాడు.
చేతులు చెదిరిపోయాయి.
మొహం ఎవరితోనో కొట్లాడుతున్నట్టు వచ్చింది.
ఉండనీ అన్నాను.

చిరునామా కింద గుర్తు కూడా రాయించాను,
గుర్తు చెప్పకపోతే ఈ ఊళ్లో ఎవరికి ఏది దొరికింది గనక:
"ఆటో స్టాండు ఎదురుగా."

పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆటో స్టాండు లేదు.
రాత్రే ట్రాఫిక్ వాళ్లు తీసేశారట.
ఆ చోట పసుప్పచ్చ బారికేడ్లు, ఒక పిల్లి.
ఫర్హాన్‌కి చేస్తే ఎత్తలేదు, ఇంకా నిద్రలో ఉంటాడు.
మిషను మీద గుడ్డ కప్పి,
ఎవరైనా ఒళ్లో బరువుతో వస్తారేమోనని
గల్లీ మొదట్లోకి వెళ్లి
నిలబడ్డాను.